శిలయందు కథ: నాలుగు అమెరికను కృతుల పరిశీలనము

చిత్రమునందును శిల్పమునందును రసము గలదని మన పూర్వులు సంశయింపలేదు. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము శృంగారాది నవరసములను జిత్రమునకు నన్వయించి చెప్పినది. శబ్దమే లేనిచోట వ్యంజన యెట్లు కలుగునని యడుగువారికి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున సమాధానము చెప్పియే యున్నాడు. వాచకత్వము లేని గీతధ్వనులును, శబ్దమే లేని చేష్టలును నర్థమును దోపింపజేయుట లోకమున గనబడుచునే యున్నదని యాతని వాదము. కావున శిలాప్రతిమ కథ చెప్పగలదని యొప్పుకొనుటకు మనకు సంకోచ ముండనక్కరలేదు. ఆ కథలో నెంతభాగము ప్రతిమనుండి పుట్టుచున్నది, యెంతభాగము ప్రతిమ ప్రక్కనుంచిన పుస్తకమునుండి వచ్చుచున్నది యనునదియే విచారింపదగిన విషయము.

కవికిని శిల్పికిని గల భేద మిచ్చటనే యున్నది. కవి విభావమును ముందుగా నిలిపి, యనుభావములను దరువాత జూపి, సంచారిభావములను నడుమ నడుమ మెఱయించుచు గథను నడుపుకొని రాగలడు. శిల్పికి లభించున దొక్క క్షణము. మన యమరావతి శిల్పు లీ చిక్కును చమత్కారముగా దాటిరి. చెన్నపురి మ్యూజియమునందలి నాళాగిరి ఫలకమున వీధిలో జనులను భీతిల్లజేయుచున్న మదపుటేనుగును, బుద్ధుని పాదములకడ మోకరిల్లిన యేనుగును నొక్కచోటనే కలవు. ఏనుగు లవి రెండు గావు, ఒక్కటియే. రెండు క్షణము లొక్క ఫలకమున నిమిడినవి. కాని యీ యుపాయము ఫలకశిల్పమునకే చెల్లును. నలువైపుల నుండియు జూడదగునట్లు విడిగా నిలుచు ప్రతిమ యొక్క క్షణమునే పట్టుకొని యుండవలెను. దానికి వెనుకటి కథను, ముందటి కథను జూచువాడే తెచ్చుకొనవలెను.

ఈ చిక్కు పందొమ్మిదవ శతాబ్దమున నమెరికా శిల్పులకు విశేషముగా సంభవించినది. వారి దేశమున ప్రతిమాశిల్పమునకు బ్రాచీన సంప్రదాయము లేదు. చలువఱాయికిని, పనివాండ్రకును, గ్రీకు రోమను ప్రతిమలను జూచుటకును వారు ఫ్లారెన్సు రోము నగరములకు బోవలసివచ్చెను. అచ్చట నేర్చుకొన్నది నగ్నమూర్తిని జెక్కుట. స్వదేశమున జూడవలసినవారు నగ్నమూర్తిని జూచుట కలవాటుపడని మతనిష్ఠులు. ఈ రెంటిని గలుపుట కొక కథ కావలసివచ్చెను. కావున నా కాలపు టమెరికను ప్రతిమలకు గథ యలంకారమాత్రము గాదు, ప్రవేశపత్రము వంటిది. వాషింగ్టను నగరమున బూర్వపు పేటెంటు కార్యాలయభవనములో నున్న స్మిత్సోనియను అమెరికను కళా మ్యూజియమున నీ కథాశిల్పములును, కథాచిత్రములును బెక్కులు కలవు. వానిలో నాలుగింటిని మాత్రమే యిచ్చట బరిశీలించుచున్నాను. నాలుగింటికిని దాస్యమే కథావస్తువని చదువరులు క్రమముగా గ్రహింపగలరు.

మొదటిది హైరం పవర్సు రచించిన "గ్రీకు బానిస." పవర్సు 1805లో వెర్మాంటు రాష్ట్రమున జన్మించి, సిన్సినాటి నగరమున బెరిగి, 1837లో ఫ్లారెన్సు చేరి, 1873లో నచ్చటనే కాలధర్మము నొందెను. ఈ ప్రతిమ మట్టినమూనా 1843లో ముగిసినది. దానినుండి తీసిన ప్లాస్టరు ప్రతి, 1968లో నాతని శిల్పశాల సామగ్రితో గూడ నీ మ్యూజియమునకు వచ్చినది. దానిపై నక్కడక్కడ లోహపు మొలలు నాటబడి యున్నవి. ఆ మొలల నడిమి దూరములను, లోతులను సాధనముతో గొలిచి, యా కొలతల ప్రకార మిటలీదేశపు పనివారు చలువఱాతిని దొలిచెడివారు. నిండుకొలతగల చలువఱాతి ప్రతు లీ విధమున నాఱు పుట్టినవి. తాళపత్రప్రతులను సరిచూచు పండితులకు నేను వేఱుగా జెప్పనక్కరలేదు: లోకము మెచ్చిన యాఱు ప్రతులకును మాతృక యీ మొలలు గ్రుచ్చిన ప్లాస్టరుబొమ్మయే.

కథ యిది. 1821లో నారంభమైన గ్రీకుల స్వాతంత్ర్యయుద్ధమున దురుష్కులు చెఱపట్టిన క్రైస్తవకన్య యొకతె కాన్‌స్టాంటినోపిలు విపణిలో నమ్మకమునకు నిలుపబడినది. దేహమున వస్త్రము లేదు. మణికట్టులకు గొలుసు కలదు. ప్రక్కనున్న స్తంభముపై విడిచిన వస్త్రమును, దానిపై నొక శిలువయు, నొక పతకమును గలవు. శిలువ యామె మతమును, పతకము వెనుక విడిచివచ్చిన ప్రియజనమును సూచించును. 1847 మొదలుకొని యీ ప్రతిమ యమెరికా నగరములలో బ్రదర్శింపబడగా లక్షకు మించిన జనులు రుసుమిచ్చి చూచిరి. వారి చేతికి కథను వివరించు నొక చిన్నపుస్తక మందింపబడినది. ఆర్విలు డ్యూయీ యను మతాచార్యుడు, ఈ కన్యకు బవిత్రతయే వస్త్రమను భావమున సమర్థనము వ్రాసెను. ఆయన సమర్థనమును జదివి స్త్రీలును, మతగురువులును నిస్సంకోచముగా జూచిరి.

ఇచ్చట మన శాస్త్రము ననుసరించి యొక ప్రశ్న వేయుదము. ఈ మూర్తియందు రసమున కాధార మేమి? విభావ మంతయు జిన్నపుస్తకమున నున్నది. అనుభావము లెవ్వి? ముఖము ప్రశాంతము. భయము లేదు, లజ్జ యస్పష్టము, దైన్యము లేదు. సాత్త్వికభావములలో నశ్రువు, వేపథువు, వైవర్ణ్యము చలువఱాతికి జిక్కవు. శిలకు స్తంభ మొక్కటియే సహజము. ఆమె దైవమునందు విశ్వాసముంచి బాధకు బైగా నిలిచినదని పవర్సు భావము. కాని యా భావము ముఖమునుండి మనకు రాలేదు, చెప్పగా విని ముఖమున కారోపించితిమి. శిలువను, పతకమును, గొలుసును దీసివేసినచో మిగులునది గ్రీకుల రతిదేవత ప్రతిమలకు మఱియొక యనుకరణము. కథ పోయినను మూర్తికి లోటు లేదన్నచో నా కథ మూర్తి కంటి యుండలేదనియే చెప్పవలెను. దీనిని నేను గొప్పదోషముగా నెంచుచున్నాను.

దోష మింతతో నాగలేదు. చిన్నపుస్తకము చూచువారికి గాన్‌స్టాంటినోపిలును జూపుచు, వారి యూరిని జూపక దాచినది. ఈ ప్రతిమ న్యూ ఆర్లియన్సు నగరమున గూడ బ్రదర్శింపబడినది. ఆ దినములలో నా నగరమున నల్లజాతి స్త్రీపురుషులు బహిరంగముగా విక్రయింపబడుచుండిరి. తురుష్కుల చేజిక్కిన తెల్లని కన్యకై కన్నీరు విడిచినవారిలో దమ యింటిదాసి నమ్ముకొన్నవా రుండరని యెవరు చెప్పగలరు? కరుణకు విభావమును దూరదేశమున నిలిపినచో సహృదయునకు దన కర్తవ్యము బాధింపదు. పవర్సు దాస్యమును ద్వేషించినవాడే. అయినను నాతని కథానిర్మాణ మిట్లు పరిణమించినది.

1851లో లండనులోని స్ఫటికభవనప్రదర్శనమున నీ ప్రతిమకు వేఱొక వ్యాఖ్య లభించినది. పంచ్ పత్రికలో జాన్ టెన్నియలు "వర్జీనియా బానిస" యని యొక హాస్యచిత్రమును బ్రకటించెను. పవర్సు కన్యవలెనే స్తంభముకడ నిలిచిన నల్లజాతి స్త్రీ యందు గలదు. దాస్యమునుండి తప్పించుకొని యింగ్లండు చేరిన విలియం వెల్సు బ్రౌను, విలియం క్రాఫ్టు, ఎల్లెన్ క్రాఫ్టు అనువారు మిత్రులతో గూడ నా ప్రదర్శనమున దిరిగిరి. బ్రౌను హాస్యచిత్రమును గ్రీకు బానిస ప్రక్కనుంచి, యిదియే దానికి దగిన జంట యని చాటెను. ప్రతిమలో నొక గీతయైన మాఱలేదు. అర్థము మాత్రము తలక్రిందయినది. విభావమును బుస్తకమున కొప్పగించిన మూర్తి యే పుస్తకము ప్రక్కకు వచ్చిన నా పుస్తకమును బట్టి మాఱును. పవర్సు దీని నెంతవఱకు గమనించెనో గాని, అంతర్యుద్ధానంతరము చెక్కించిన కడపటి ప్రతిలో, నేడు బ్రూక్లిను మ్యూజియమున నున్నదానిలో, గొలుసునకు మాఱుగా నినుపకడ్డీతో గూడిన సంకెళ్లను జూపెను. ఇది పాఠభేదములలో మేలైనది. మొదటి పాఠమున గొలుసు చేతి నగవలె వ్రేలాడును. ఈ పాఠమున సంకెల సంకెలగానే యున్నది.

రెండవ, మూడవ కృతులు ఎడ్మోనియా లూయిసు రచనలు. ఈమె 1844 ప్రాంతమున న్యూయార్కు రాష్ట్రమున జన్మించినది. తండ్రి నల్లజాతివాడు; తల్లి ఓజిబ్వే యను నాదిమజాతికి సంబంధించినది. ఈమె బాల్యముననే తలిదండ్రులను గోల్పోయి, ఓబర్లినులో జదివి, బోస్టనులో శిల్పము నభ్యసించి, అంతర్యుద్ధము ముగియగనే యిటలీ చేరి రోములో శిల్పశాల నేర్పఱచుకొన్నది. 1907లో లండనున మరణించినది.

1875లో నీమె చెక్కిన "హాగరు" బైబిలు కథ ననుసరించినది. హాగరు అబ్రాహాము భార్యయగు శారాకు ఐగుప్తుదేశపు దాసి. శారాకు సంతానము లేమిచే నామె యనుమతితోనే యబ్రాహామునకు హాగరు పుత్రుని గన్నది. పిదప శారాకు గొడుకు పుట్టగా దల్లిని బిడ్డను నెడారిలోనికి వెడలగొట్టిరి. తెచ్చుకొన్న నీరు నిండుకొన్న తరుణమున దేవదూత వచ్చి బ్రోచెను. లూయిసు బిడ్డను జెక్కలేదు, దేవదూతను జెక్కలేదు. చేతులు జోడించి పైకి జూచుచు నడుగు వేయుచున్న స్త్రీయు, ఆమె పాదముల చెంత దొరలిన కడవయు మాత్రమే కలవు. ఆ కడవ నాకు మిగుల నచ్చినది. పవర్సు శిలువవలె నది చూచువానిని మఱియొక పుస్తకమునకు బంపదు. బైబిలు పేరైన వినని మన పల్లెటూరి యిల్లాలు గూడ నెడారిలో బోర్లపడిన కడవను జూచి, నీరు లేదని గ్రహింపగలదు. ఇది లోకసిద్ధమైన యుద్దీపనవిభావము. కాని ముఖముమాట చెప్పునప్పుడు సంకోచింపవలసి యున్నది. పైకెత్తిన కన్నులు ఇటలీ దేవాలయములలోని యర్చనాచిత్రములనుండి యెరువు తెచ్చుకొన్నవి. ముక్కు, పెదవులు గ్రీకు పద్ధతివి. నల్లజాతి వారి కథను జెప్పుచు ముఖము నిట్లేల చెక్కెనని విద్వాంసులు చర్చించుచున్నారు. శిల్పి తన ముఖమునే చెక్కుకొనుచున్నదని చూచువా రనుకొనకుండుటకే యిట్లు చేసెనని కొంద ఱందురు. ఈ సమాధానము సరసమే. అయినను హాగరు ముఖమున బ్రాణము తక్కువయను నా యభిప్రాయము దానిచే మాఱలేదు.

ఆమె ప్రతిభ సంపూర్ణముగా బ్రకాశించినది "క్లియోపాత్ర మరణము"నందు. ఇది 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షికప్రదర్శనమున నుంచబడినది. ఎత్తు అయిదడుగులకు మించును. బరువు 3,000 పౌనులకు బైబడి యుండును. దీని గుణమును దెలిసికొనవలెనన్న నదే కథపై విలియం వెట్మోరు స్టోరీ 1858లో గల్పించిన ప్రతిమను బ్రక్కన బెట్టి చూడవలెను. దాని చలువఱాతి ప్రతులలో 1869 నాటి దొకటి న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియమున నున్నది. స్టోరీ రాణి యాసనమున నొరగి, చేతిపై దల యాన్చి, చింతామగ్నయై యున్నది. మరణింతునా, జీవింతునా యని తలపోయు క్షణమది. హాథార్ను 1860లో బ్రకటించిన నవలలో నీ ప్రతిమను దన కల్పితశిల్పి చేసినదానిగా వర్ణించెను. కావున 1862లో లండను ప్రదర్శనమున దీనిని జూచినవారిలో బెక్కండ్రు చదివి వచ్చినవారే. ఇచ్చట గూడ బుస్తకము ముందు, ప్రతిమ వెనుక.

జర్మను విమర్శకుడు లెస్సింగు 1766 నాటి లావొకూను గ్రంథమున, శిల్పి భావము పరాకాష్ఠ నందిన క్షణమును జూపరాదనియు, దానికి ముందటి క్షణమును జూపినచో నూహకు జో టుండుననియు విధించెను. స్టోరీ యీ విధిని దప్పలేదు. లూయిసు పూర్తిగా దప్పినది. ఆమె క్లియోపాత్ర యప్పటికే మరణించినది. తల వెనుకకు వ్రాలినది. ఒక చేయి సింహాసనము ప్రక్కగా శక్తి దొలగి వ్రేలాడుచున్నది. ఒక చేత సర్ప మింకను గలదు. రాజవేషము, శిరోభూషణము, సింహాసనపు జేతులపై జెక్కిన తలలు, అన్నియు రాజసముగా నిక్కి యుండగా దేహ మొక్కటియే సడలిపోయినది. విలియం క్లార్కను విమర్శకుడు 1878లో దీనిని గూర్చి వ్రాయుచు, శిల్పి శక్తి నంగీకరించి, మరణచిహ్నముల నింత నిక్కముగా జూపుట జుగుప్సావహమనియు, నియతమైన కళాసీమను దాటినట్లే తోచుచున్నదనియు నాక్షేపించెను.

మనవారును నిట్లే యనియుందురు. రంగమున మరణమును బ్రత్యక్షముగా జూపరాదని దశరూపకము నిషేధించినది. వ్యభిచారిభావములలో బఠింపబడిన మరణమును గూడ సూచింపవలెనే గాని వర్ణింపరాదని పెద్ద లందురు. అయినను భాసునిదని చెప్పబడు ఊరుభంగమున దుర్యోధనుడు రంగమునందే మరణించును. ఆ మరణము జుగుప్సను బుట్టింపక మానధనుని యౌన్నత్యమును బెంచుచున్నది. లూయిసు ప్రతిమకును నిదియే సమాధానమని నా తలంపు. క్లియోపాత్ర యేల మరణించెను? జీవించినచో ఆక్టేవియను ఆమెను రోము వీధులలో దన విజయోత్సవమున బందీగా నడిపించును. పవర్సు కన్య యమ్మకమునకు నిలిచియున్నది. రాబోవు యజమానియు, నెదుట నిలిచిన ప్రేక్షకుడును నొకే దృష్టితో నామెను జూతురు. స్టోరీ రాణి యింకను నిశ్చయింపలేదు గనుక నామె భవిష్యత్తు మన చేతిలో నున్నట్లు భ్రమ కలుగును. లూయిసు రాణి యెవరికిని జిక్కనిది. కథ ముగిసినది, ముగించినది తానే. ఊహకు జోటు లేకపోవుట లెస్సింగునకు దోషము గావచ్చును, ఇచ్చట నదియే యర్థము. దాస్యము రద్దయి పదునొకండేండ్లు మాత్రమే గడచిన దేశమున, నల్లజాతి శిల్పి ప్రదర్శనమున కీ క్షణమునే తెచ్చుట యౌచిత్యము దెలియక చేసిన పని కాదు. దీని నర్థముచేసికొనుటకు జిన్నపుస్తకముతో బనిలేదు. ఆమె యెవరో తెలియనివాడు గూడ, బలవంతముగా జంపబడినదానికిని, సింహాసనమున గూర్చుండి తానే ముగించుకొన్నదానికిని గల భేదమును సడలిన చేతినుండియు, సడలని యాసనమునుండియు గనిపెట్టగలడు.

ఈ ప్రతిమకు దరువాత పట్టిన గతిని జెప్పక పోజాలను. 1878లో జికాగోలో బ్రదర్శింపబడినపిమ్మట నిది కొనువారు లేక నిలిచిపోయెను. కొంతకాల మొక మద్యపానశాలలో నుండెను. పిదప నొక జూదరి దీనిని గొని, ఫారెస్టుపార్కులో గుఱ్ఱపుపందెముల మైదానమున, క్లియోపాత్ర యను పేరుగల తన గుఱ్ఱము సమాధిపై నిలిపెను. ఆ మైదానము గోల్ఫు మైదానమైనది, రెండవ ప్రపంచయుద్ధకాలమున నాయుధముల కర్మాగారమైనది, పిదప దపాలాశాఖకు జేరినది. అంతట ప్రతిమ సామాను లుంచు పెరటికి దరలింపబడి వానకు నెండకు నరిగిపోయినది. బాలభటులు సదుద్దేశముతోనే దానికి రంగు పూసిరట. కడపట ఫారెస్టుపార్కు చరిత్రపరిషత్తువారు 1994లో స్మిత్సోనియను మ్యూజియమున కొసగిరి. చెదలు పట్టిన ప్రతులను గొంకులలోనుండి వెదకి తెచ్చిన మన పరిషత్పండితులకు నీ వృత్తాంతము క్రొత్తగా దోపదు.

నాలుగవది చిత్రము: విన్‌స్లో హోమరు 1876లో వ్రాసిన "పాత యజమానురాలి రాక." వెడల్పు సుమారు 24 అంగుళములు, ఎత్తు 18 అంగుళములు మాత్రమే. హోమరు 1836లో బోస్టనున జన్మించెను, అంతర్యుద్ధమున హార్పర్సు వీక్లీ పత్రికకు యుద్ధరంగచిత్రములను వ్రాసి పంపినవాడు, 1910లో మరణించెను. యుద్ధానంతరము వర్జీనియాకు మరల బోయి, విముక్తులైన నల్లజాతివారి జీవనమును జూచి కొన్ని చిత్రములు వ్రాసెను. వానిలో నిది యుత్తమము.

చీకటిగుడిసె. ముగ్గురు నల్లజాతి స్త్రీలును, ఒక చంటిబిడ్డయు నున్నారు. వారి కెదురుగా, కుడిప్రక్కను, నల్లని యుడుపును, తెల్లని అల్లికపట్టీలును ధరించిన వృద్ధ తెల్లదొరసాని నిలుచున్నది. ఒకప్పుడీమె వారికి యజమానురాలు. అంతకుమించి కథ లేదు. ఏమి యడుగవచ్చినదో చిత్రకారుడు చెప్పలేదు. వారేమి చెప్పిరో తెలియదు. 1866 నాటి "యుద్ధరంగమునుండి బందీలు" అను చిత్రమున, నేడు మెట్రోపాలిటను మ్యూజియమున నున్నదానిలో, హోమరు విజేతయగు సేనానిని, పట్టువడిన దక్షిణసైనికులను నెదురెదురుగా నిలిపెను. ఆ సన్నివేశమునే పదేండ్ల తరువాత గుడిసెలోనికి దెచ్చెను. మొదటిదానిలో నెవరు గెలిచిరో స్పష్టము. ఇందు గాదు.

ఆలంకారికులు భావసంధి యని యొకటి చెప్పుదురు: తుల్యబలములైన రెండు భావము లొకచోట గూడుట. ఒక్కొక్క ముఖమును దీసికొన్న నీ చిత్రమున భావము స్పష్టముగా దొరకదు. వారికిని, దొరసానికిని నడుమ విడిచిన రిక్తస్థలమును జూచినచో దొరకును. పూర్వపరిచయము, పూర్వభయము, క్రొత్త స్వాతంత్ర్యము, సంకోచము, దైన్యము, గర్వము, అన్నియు నా కొలది యంగుళముల నడుమ నున్నవి. ఇక నీ చిత్రమునకు నామము లేకున్న గథ తెలియునా యని యొకరు ప్రశ్నింపవచ్చును. పాత యజమానురాలను మాట నామమునుండియే వచ్చినది, నిజమే. కాని నామ మొక్కమాట యిచ్చి యూరకున్నది. పవర్సు పుస్తకమువలె నేమి యనుభవింపవలెనో విధింపలేదు. నామమును మఱచి చూచినను, దుస్తులలోని తారతమ్యమును, దగ్గఱకు రాని పాదములను, ఎవరును నవ్వకుండుటను గన్నులు గ్రహింపక పోవు.

చిత్రమున నొక విషయమును గడపట బేర్కొందును. అది చిన్నది, తొందరలో జూచువారికి దప్పిపోవునది. దాస్యకాలమున యజమానురాలు లోనికి వచ్చినచో దాసి కూర్చుండి యుండుట పొసగని పని. ఈ గుడిసెలో ముగ్గురు స్త్రీలలో నొకతె కూర్చుండియే యున్నది. దొరసాని వచ్చి నిలిచినది, ఆమె లేవలేదు.